నా ఇంటి కప్పు విప్పిన దేవుడు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీరిప్పుడు చాపలు పరుచుకుని కూర్చున్న ఈ హాల్లోకి మూడేళ్లపాటు నేను తప్ప ఇంకో మనిషి అడుగు పెట్టలేదంటే మీలో కొత్తగా వచ్చినవారు నమ్మలేరు. అప్పుడిది హాలు కాదు, రెండు చీకటి గదులు. పైన జారిపోయిన పెంకులు, చెదలు తినేసిన వాసాలు, గోడల నిండా వాన నీటి చారలు. ఆ ఇంటికంటే అందులో ఉన్న నేనే ఎక్కువ పాడైపోయాను! ఈ రోజు ఇంతమంది మధ్య నిలబడి మాట్లాడగలుగుతున్నానంటే అది కేవలం ప్రభువు కృప. దేవునికే మహిమ!

నా పేరు సరోజిని. రాజోలు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. నా భర్త సామ్యేలు గారు తాటిపాక వైపు గ్యాసు ప్లాంటులో పనిచేసేవారు. మాకు పిల్లలు లేరు. ఆదివారం వస్తే, గోదావరి లంకల నుంచి పడవలో ఏరు దాటి ఆరాధనకు వచ్చినవారిలో ఒక కుటుంబాన్నైనా వెంటబెట్టుకుని భోజనానికి తీసుకొచ్చేవారు ఆయన. "సరోజినీ, ఈ రెండు గదుల మధ్య గోడ తీయించేసి కప్పు మార్పించేమనుకో, ముప్పై మంది కూచుని తినొచ్చు" అనేవారు. "ముందు వండేదాని మొహం చూడండి" అని నేను నవ్వేదాన్ని.

ఆ పని మొదలవకుండానే కరోనా వచ్చింది. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు, నేను జ్వరంతో వెనక గదిలో తలుపు వేసుకుని ఉండిపోయాను. తొమ్మిదో రోజున ఫోను వచ్చింది. ఆసుపత్రి మనుషులే తీసుకొచ్చి సమాధి చేసేశారని, ఎవరినీ రానివ్వలేదని చెప్పారు. కడసారి చూపు కూడా నాకు దక్కలేదు. మంచం మీద పడుకుని నేను ఒక్కటే లెక్కపెట్టుకున్నాను. ఇరవై ఏళ్లు ఈ ఇంట్లో ఎంతమంది తిన్నారు, ఆయన వెంట శ్మశానం దాకా ఎంతమంది నడిచారు? ఒక్కరూ లేరు! ఆ ఆలోచన నా లోపల రాయిలా గట్టిపడిపోయింది సహోదరులారా.

జ్వరం తగ్గాక నేను చేసిన మొదటి పని, గేటుకి మనిషెత్తు రేకులు కొట్టించి లోపల తాళం వేసుకోవడం. పాస్టరు గారు మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ కిటికీలోంచే పంపేశాను. పక్క తోటలో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే సత్తిబాబు భార్య లక్ష్మి, వాళ్లు హిందువులు, ఒకరోజు పనస తొనలు తెచ్చి గేటు కొట్టింది. "మాకేం వద్దు, వెళ్లు" అన్నాను. బడికి వెళ్లడం, రావడం, తాళం వేసుకోవడం. బైబిలు అలమారలో ఉండిపోయింది, నేను దాన్ని ముట్టుకోలేదు.

అలా మూడేళ్లు గడిచాక, ఒక వేసవి సెలవుల్లో పెద్ద గాలివాన వచ్చి, ఈ ముందు గది మీద పెంకులు ఎగరగొట్టేసింది. మర్నాడు పొద్దున్నే ఆ ముక్కలు ఊడుస్తుండగా పైన ఏదో పటుక్కుమన్న చప్పుడు వినిపించింది. తలెత్తేలోపే చెదపట్టిన దూలం కూలి నా కాలి మీద పడింది. కుడి కాలు మోకాలి కింద విరిగిపోయింది. కదలలేను, ఫోను వెనక గదిలో ఉంది. అరిచాను, అరిచి అరిచి గొంతు పోయింది, ఆ రేకుల గేటు దాటి నా కేక ఎవరికి వినిపిస్తుంది! సెలవులు కాబట్టి బడిలో నా కోసం వెతికేవాళ్లు లేరు. ఎండ ముదిరింది, దాహం వేసింది. అప్పుడు, మూడేళ్ల తరవాత మొట్టమొదటిసారి, నేను ప్రార్థన చేశాను.

"ప్రభువా, నేను ఎవరినీ రానివ్వలేదు, ఇప్పుడెవరూ రారు. నీ మీద కూడా కోపంగానే ఉన్నాను. అయినా నువ్వు రా."

అంతే నా ప్రార్థన. ఎంతసేపయిందో తెలియదు, ఆకాశంలోంచి ఒక గొంతు వినిపించింది! "టీచరుగారండీ! కదలకండి! వస్తన్నానండి!" అని. కళ్లు తెరిచి చూస్తే, కప్పు లేని చోటు నుంచి పక్క తోటలో కొబ్బరిచెట్టు చివరి మొవ్వు కనిపించింది, దాన్ని పట్టుకుని సత్తిబాబు కనిపించాడు. దింపు తీయడానికి ఎక్కిన మనిషి పైనుంచి కిందికి చూశాడు, పెంకులుంటే నేను అతనికి కనిపించేదాన్నే కాదు! పక్షవాతంతో ఉన్న మనిషిని కప్పు విప్పి ప్రభువు ముందు దింపారని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నాను, నా ఇంటి కప్పు మాత్రం ప్రభువే విప్పాడు!

సత్తిబాబు గోడ దూకి వచ్చి, తాళం పగలగొట్టి, ఆటోలో నన్ను అమలాపురం ఆసుపత్రికి చేర్చాడు. కట్టు కట్టి పంపాక నాకు అన్నం పెట్టింది ఎవరనుకున్నారు? నేను వెళ్లగొట్టిన లక్ష్మే. పూటపూటకీ క్యారేజీ పట్టుకుని వచ్చేది. కానీ నా నోరు మారలేదు. ఒకరోజు భార్యాభర్తలిద్దరూ ఉండగా అన్నాను, "మా ఆయన పోయినప్పుడు ఒక్క మనిషి రాలేదు, ఇప్పుడెందుకు ఇదంతా?" అని.

సత్తిబాబు తెల్లబోయి చూశాడు. "అదేటండి టీచరుగారూ! గొయ్యి తీసింది మేమే కదండీ. నేనూ, మీ సంఘం కుర్రోళ్లు నలుగురూనండి. ముందురోజు వానకి గొయ్యి నిండా ఊట నీళ్లొచ్చేస్తే బకెట్లతో తోడేమండి. సామ్యేలు గారిని నీళ్లలో దింపకూడదని, తోడతానే ఉన్నామండి. శవం దగ్గరికి ఎవర్నీ రావద్దన్నారని మీ పాస్టరు గారు కాలవ గట్టు మీద నిలబడి, ఆ ఒడ్డుకి వినబడేలా ప్రార్థన చేసేరండి."

"ఆయ్, నిజవేనండి," అంది లక్ష్మి. "మీకు తెలుసనుకున్నామండి."

సహోదరులారా, నాకెలా తెలుస్తుంది? చెప్పడానికి వచ్చినవాళ్లను నేనే పంపేశాను కదా! ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు ఆయన పోయినప్పుడు కూడా ఏడవలేదు. మూడేళ్లుగా నేను మోసిన రాయి అబద్ధపు రాయి! పాస్టరు గారికి కబురు పెట్టి క్షమించమని అడిగితే, ఆయన నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "మూడుసార్లు వచ్చి మానేసేనమ్మా. నాలుగోసారి కూడా రావలసింది. తప్పు నాదీ ఉంది" అన్నారు. ఇద్దరం మోకరించలేకపోయాం, నాకు కట్టు, ఆయనకు మోకాళ్ల నొప్పి. కూర్చునే ప్రార్థన చేసుకున్నాం.

కాలు నిలవగానే ఇంటి పని మొదలుపెట్టాను. మధ్య గోడ కొట్టే రోజున మేస్త్రి సుత్తి ఎత్తి ఆగిపోయాడు. ఆ గోడకు ఒకచోట నూనె మరక ఉంది. మా ఆయన రోజూ తల ఆనించి బైబిలు చదువుకున్న చోటు అది. "కొట్టమంటారా వద్దంటారా అమ్మా?" అన్నాడు. వీధిలోకి వెళ్లి నిలబడి, అక్కడి నుంచి చెప్పాను, "కొట్టేయండి" అని.

సగం కప్పు వేశారో లేదో గోదావరికి వరద వచ్చింది, లంకలు మునిగాయి. మూడు కుటుంబాలకు చోటు కావాలని పాస్టరు గారు అడిగారు. "ఇల్లు పూర్తయ్యాక అయితే..." అని నేను నసిగాను. ఆయన "సరేనమ్మా" అని గొడుగు తీసుకుని లేచారు. ఆ మాటే నన్ను పట్టుకుంది, వాళ్లను రమ్మన్నాను. పదకొండు మంది, ఒక మేక! సగం పెంకుల కింద, సగం టార్పాలిన్ కింద. సాక్ష్యం కాబట్టి నిజమే చెబుతాను, రెండో రోజుకే నాకు విసుగు వచ్చింది. నా గిన్నెలు నాకు దొరకడం లేదు, ఎక్కడ చూసినా తడి బట్టలు. మా ఆయన మంచాన్ని మాత్రం వెనక గదిలో పెట్టి గొళ్లెం పెట్టుకున్నాను.

వాళ్లలో నాగమ్మ గారని పెద్దావిడ కిందే చాప మీద పడుకుని, ఆ చెమ్మకు దగ్గుతూ ఉండేవారు. ఆ దగ్గు వింటూ, గొళ్లెం వంక చూస్తూ ఒక రోజంతా తిరిగాను. చివరికి మంచం బయటికి లాక్కొచ్చి దుప్పటి పరిచాను. ఆవిడ కూర్చోలేదు.

"ఎవరిదమ్మా ఈ మంచం?"

"మా ఆయనదండీ. ప్రభువు దగ్గరికి వెళ్లిపోయేరు."

"అయితే వద్దమ్మా. నీ మనసు కష్టపడుద్ది. నేను కిందే ఉంటాను."

"కష్టంగానే ఉందండీ," అన్నాను. "అయినా పడుకోండి."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఎవరి చెయ్యైనా అంతసేపు నా చేతిలో ఉండి ఎన్నాళ్లయిందో! ఆ సాయంత్రం నేను అలమార తెరిచి బైబిలు తీశాను. పన్నెండు రోజులు ఉన్నారు వాళ్లు. ఖాళీగా కూర్చోలేక, మగవాళ్లు సత్తిబాబుతో కలిసి మిగిలిన కప్పంతా నేసేశారు. మీ నెత్తిమీద ఉన్న పెంకుల్లో సగం నా అతిథులు వేసినవే!

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇక్కడ భోజనాలు. ఆసుపత్రి పనుల మీద వచ్చే లంక కుటుంబాలు వెనక గదుల్లో ఉండి వెళ్తాయి. నేనేమీ పరిశుద్ధురాలినైపోలేదు, నా గరిటె కనిపించకపోతే ఇప్పటికీ అరుస్తాను. కానీ ప్రభువు నన్ను విడిపించాడు. వ్యాధి నుంచి కాదు, నన్ను ఎవరూ ప్రేమించలేదన్న మాట నుంచి!

మీలో ఎవరైనా ఒకరి మీద మనసు గట్టిపరచుకుని ఉంటే, "ప్రభువా, నాకు తెలియనిది ఏమైనా ఉందా?" అని ఒక్కసారి అడగండి. కోపంగా ఉన్నా అడగండి, ఆయన నొచ్చుకోడు. నమ్మి అడిగితే ఆయన ఎవరి నోటనైనా జవాబు పంపగలడు.

ఇంత ఓపికగా విన్నారు, మీకు నా కృతజ్ఞతలు. స్తుతి, ఘనత ప్రభువుకే చెందాలి. లక్ష్మీ, నాగమ్మ గారూ ఆకులు వేసేస్తున్నారు. పనసపొట్టు కూర, ముద్దపప్పు ఉన్నాయి. లంకలవాళ్లు రెండో పడవకు వెళ్లొచ్చు, ఎవరూ తినకుండా లేవకండి.