గిటారు చెక్క మీద మూడు వేళ్ళు

దయ్యాలను నేను నమ్మను. పాకాల దగ్గర మా పొలాలు పోయినప్పుడు ఊళ్ళోవాళ్ళు చేతబడి అన్నారు. అది మా నాయన మొండితనం వల్ల జరిగిందని నాకు తెలుసు. కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నేను తిరుపతిలో ఒక లాడ్జిలో పగటి డ్యూటీ చేస్తాను. వచ్చినవాళ్ళకు గది తాళాలు అందించే పని. ఉండేది రెండు గదుల అద్దె ఇల్లు. నా తమ్ముడు జబ్బుపడి, చివరి ఏడాది అక్కడే నా దగ్గర ఉన్నాడు. వస్తూ గిటారు తెచ్చుకున్నాడు. పెళ్ళి కచేరీల్లో వాయించి బతికినవాడు. మా వంశంలో అలా పదిమంది ముందు కూర్చుని వాయించినవాళ్ళు లేరు. నేను ఇంట్లో ఉండగా దాన్ని ముట్టొద్దని మొదటిరోజే చెప్పాను.

"సరేలేన్నా, నువ్వు పనికి పోయినాకనే వాయించుకుంటా. నీ మీసం వంగనీను," అని నవ్వాడు.

ఆ మాట మీదే ఉన్నాడు. వాడి వాయింపు నేను ఒక్కసారి కూడా వినలేదు. పోయిన ఏడాది చనిపోయాడు.

కొన్నాళ్ళకు గిటారు తీసి చూస్తే, మెడ మీద వేళ్ళు నొక్కే నల్ల చెక్క ఎండిపోయి తెల్లబారి ఉంది. మా పాత ఇంట్లో టేకు తలుపులకు ఏటా శనక్కాయ నూనె పట్టించేవాళ్ళం. మంచి చెక్కను ఎలా చూసుకోవాలో నాకొకరు చెప్పాలా అనుకుని, దీనికీ అదే దండిగా పట్టించి గోడకు తగిలించాను. రెండు నెలలకు జిడ్డు కట్టి వాసన కొట్టింది. తీగ వాయిద్యాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను.

"ఏం సామీ, ఇది గిటారా, మీ ఇంటి తలవాకిలా? ఈ నూనెతో నాలుగు దోసెలు కాల్చుకోవచ్చు గదా!" అన్నాడాయన. తర్వాత వెలుగులో పెట్టి చూశాడు. "అయినా రోజూ వాయిస్తానే ఉండారే."

జిడ్డు మీద అంతటా దుమ్ము అంటుకుంది. తీగల కింద కొన్నిచోట్ల మాత్రం వేలి కొనంత మేర శుభ్రంగా ఉంది.

"సూడండి, మూడు వేళ్ళే నొక్కినాయి. సిటికెనేలు పడాల్సిన సోట దుమ్ము అట్లనే ఉండాది. ఆ ఏలు వాడరా మీరు?"

నాకు వాయించడం రాదన్నాను. ఆయన నమ్మలేదు. తమ్ముడి ఎడమచేతి చిటికెనవేలు చిన్నప్పుడే చెరుకు గానుగలో పడి పోయిందని ఆయనకు చెప్పలేదు.

ఆయన తీగలు విప్పి, చెక్కకు అడ్డంగా ఉండే లోహపు మెట్ల పక్కన పేరుకున్న మడ్డి తీసి, వేరే నూనె రెండు చుక్కలు రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడిచేశాడు. "సెక్క తాగినంతే ఇయ్యల్ల సామీ. మిగిలింది తుడిసేయల్ల. ఏడాదికి రెండుమాట్లు సాలు," అన్నాడు. కొత్త తీగలు బిగించి ఇచ్చాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం చూస్తున్నాను. నల్లటి నిగారింపు మీద అవే చోట్ల మసక మచ్చలు, మూడు వేళ్ళవి. తుడిస్తే మర్నాటికి మళ్ళీ కనిపిస్తాయి. ఇంటికి ఉన్నది ఒకటే తాళంచెవి, అది నా జేబులో ఉంటుంది. కిటికీలు మూసే పోతాను. ఎండకు చెక్క చెమర్చిందేమో అనుకుని పది రోజులు సెలవు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఒక్క మచ్చ పడలేదు. పదకొండో రోజు డ్యూటీకి పోయి వచ్చేసరికి ఉన్నాయి.

మొన్న ఆదివారం తలుపులు వేసుకుని, గిటారు ముందు నేల మీద కూర్చున్నాను. "వాయించురా, వింటాను," అన్నాను. మనుషులతో మాట్లాడినట్టే అన్నాను. పొద్దు గూకే దాకా కదల్లేదు. వీధిలో ఆటోల మోత తప్ప ఏమీ వినపడలేదు.

సోమవారం పని నుంచి వచ్చి చూస్తే మచ్చలున్నాయి.

ఇదేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. నేను గడప దాటితే గానీ మొదలుకాదని మాత్రం తెలుసు.