సిమెంటు డైనోసార్ కింది డబ్బా

మా తమ్ముడు కారు కొన్నప్పటి నుంచి ఆదివారాలు మాకు తిరుగుడే. వాడికి జియోక్యాషింగ్ పిచ్చి పట్టుకుంది. ఎవరో ఒక చిన్న డబ్బా దాచి, ఆ చోటు ఫోన్‌లో పెడతారు. మనం వెతికి తీసి, లోపలి చీటీ మీద పేరు రాసి, కావాలంటే గుర్తుగా ఏదో చిన్న వస్తువు వేసి, మళ్ళీ అక్కడే పెట్టేయాలి. అంతే ఆట.

ఆ రోజు మెదక్ నుంచి చేగుంట వైపు బయలుదేరాం. చేగుంట దాటగానే, మూతబడిన దాబా ముందు ఆకుపచ్చ సిమెంటు డైనోసార్ ఒకటి ఉంది. దిష్టి తగలకుండా దాని మెడకు ఎవరో నిమ్మకాయలు కూడా కట్టారు. మేం వెతికే డబ్బా దాని కాళ్ళ దగ్గరే ఉండాలి. తీరా చూస్తే డబ్బాను ఎవరో ముందే తీసి రోడ్డు మీద బోర్లించారు. ఎర్రదారం, చిన్న బొమ్మ, జుట్టు క్లిప్పు పడి ఉన్నాయి. నలుగురైదుగురు మగవాళ్ళు చుట్టూ చేరి కర్రతో కెలుకుతున్నారు.

"బాణామతి సామాన్లు," అన్నాడొకాయన. "గీ ముసల్దే పెట్టింది. మొన్నటి సంది నా బర్రె పాలిస్తలేదు."

ఆయన చూపించింది డైనోసార్ పక్కన చాయ్ బండి పెట్టుకున్న పెద్దామెను. ఆమె స్టవ్ ఆర్పేసి కూచుంది. పొద్దున్నుంచి ఒక్కరూ చాయ్ తాగలేదట. బండి ఎత్తేయమన్నారట. "నాకేం ఎర్క బిడ్డా," అంది నాతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. బాణామతి, చేతబడి అని పేరు పెట్టి మా దిక్కు ఆడవాళ్ళను ఎట్లా కొట్టి చంపారో వింటూ పెరిగినదాన్ని. కర్ర గుంజి అవతల పారేశాను. తమ్ముడి చేతిలోని ఫోన్ లాక్కుని, ఆ డబ్బా ఫోటో వాళ్ళ మొహాల ముందు పెట్టాను.

"గిది ఆట. ఫోన్ల ఉన్నది, చూడుండ్రి. గీమెకేం సంబంధం?"

చూశారు. బర్రె ఆయన నవ్వాడు. "గట్లనా మేడం, మాకేం ఎర్క," అని అందరూ బండ్లెక్కి పోయారు. మాఫీ అడగడం అటుంచి, ఆమె వైపు కూడా చూడలేదు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు మంటే.

"జర కూసోండ్రి, చాయ్ పెడ్త," అంటూ ఆమె మళ్ళీ స్టవ్ వెలిగించింది. నేను తాగి, ఇంకోటి అడిగి మరీ తాగాను. తమ్ముడు గ్లాసు పట్టుకుని డైనోసార్ వెనక్కి నడిచాడు. ఆ డబ్బా కోసమే నన్ను ఇంత దూరం తెచ్చినవాడు, అటూ ఇటూ చూసి చాయ్ గడ్డిలో ఒంపేశాడు.

"ఎందుకురా?" అన్నాను, పళ్ళు బిగబట్టి.

"ఏమో అక్కా. మనకెందుకు లొల్లి."

ఆమె గ్లాసు కోసం అప్పటికే మా వెనక నిలబడి ఉంది. తడిసిన గడ్డి చూసింది. గ్లాసు అందుకుని, "చక్కెర ఎక్కువైందా బిడ్డా?" అని అడిగింది వాణ్ణి.