హిమాలయాల్లో మాయమైన ఐసు దిమ్మ

ఆ రోజుల్లో మా ఏలూరు చుట్టుపక్కల పెళ్ళి వీడియోల్లో ఎవరూ నేలమీద నిలబడేవారు కాదు. పెళ్ళికొడుకు తామరపువ్వులోంచి పైకి వచ్చేవాడు, పెళ్ళికూతురు చందమామ మీద కూర్చుని ఊగేది, మేనమామలు జలపాతం పక్కన భోజనాలు చేసేవారు. ఇప్పటి పిల్లలు ఆ వీడియోలు చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ చందమామల్లో కొన్నిటిని తెచ్చి పెట్టింది నేనే కాబట్టి నాకు నవ్వుతోపాటు కాస్త గర్వం కూడా వస్తుంది. (కాస్త అన్నది మర్యాద కోసం. నిజానికి చాలానే వస్తుంది.)

డిగ్రీ పూర్తిచేసి, కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ ఒకటి చేతబట్టుకుని ఏలూరులో ఒక వీడియో స్టూడియోలో చేరాను. నా పని టైటిల్స్ టైపు చేయడం. పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు, మధ్యలో గుండె బొమ్మ, అంతే. అందుకే అక్కడ అందరికీ నేను ‘టైటిల్స్ అమ్మాయి’ని. ఆ చందమామల్నీ మనుషుల్నీ కలిపే మిక్సింగ్ అంతా సీనియర్ గారు చేసేవారు. ఆ గదిలో చక్రాల కుర్చీ ఒక్కటే ఉండేది, అందులో ఆయన. పక్కన ప్లాస్టిక్ స్టూలు, దానిమీద నేను. ఆయన మౌసు ఎటు కదిపితే నా కళ్ళు అటు తిరిగేవి. అలా ఏడాదిపాటు స్టూలు మీద కూర్చునే దొంగచాటుగా విద్య నేర్చుకున్నాను. ఒక సోమవారం సీనియర్ గారు మాట మాత్రం చెప్పకుండా హైదరాబాద్ వెళ్ళిపోయారు. మా ఓనరు గారు తల పట్టుకుని కూర్చుంటే, నాకంటే ముందు నా నోరు తొందరపడి, ‘‘నేను చేస్తానండీ’’ అనేసింది.

ఓనరు గారు నన్నూ, స్టూలునీ మార్చి మార్చి చూశారు. ‘‘సరేనమ్మా. ఐసు గారి యాడ్ ఒకటి ఒప్పుకుని ఉన్నాను. ఆదివారం సాయంత్రం కేబుల్లో సినిమాకి ముందు పడాలి. అది బాగా చేశావా, ఆ కుర్చీ నీది. లేదంటే విజయవాడ నుంచి మనిషిని పిలిపిస్తాను, నువ్వు నీ టైటిల్స్ చూసుకుందువుగాని’’ అన్నారు. ఆ కుర్చీ కోసం నేను ఎంత ఆశపడ్డానో చెబితే మీరు నమ్మరు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు అందులో కూర్చుని ఒక చుట్టు తిరిగి దిగిపోయేదాన్ని.

ఐసు గారంటే కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ ఉన్నాయన. కొల్లేరు చెరువుల చేపలు ఆయన ఐసు లేనిదే లారీ ఎక్కవని ఆయన నమ్మకం. మర్నాడే ఒక ఆటోలో, గోనె సంచులూ ఊకా కప్పిన ఐసు దిమ్మతో, చంటిపిల్లంత బొచ్చె చేపతో దిగారు. గంజి పెట్టిన తెల్లచొక్కా, పంచె. ‘‘అమ్మాయ్, ఐసు ఎక్కడ పుట్టింది? హిమాలయాల్లో. మరి నేనెక్కడ నిలబడాలి?’’ అన్నారు. హిమాలయాల్లో బొచ్చె చేప ఎక్కడిదని నాకు అనుమానం వచ్చింది గానీ, కుర్చీ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

దీని కిటుకు చిన్నదే. మనిషిని ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబెట్టి వీడియో తీస్తాం. దాన్ని కంప్యూటర్లో హిమాలయాల వీడియోకి పైన వేసి, ‘ఆకుపచ్చ రంగు ఎక్కడ కనిపిస్తే అక్కడ మాయం చెయ్’ అని చెబుతాం. గుడ్డ పోతుంది, మనిషి మిగులుతాడు, వెనక కొండలు కనిపిస్తాయి. ఐసు పెట్టిన బల్ల కూడా కనబడకూడదని, నా తెలివి కొద్దీ దానిమీద కూడా ఆకుపచ్చ గుడ్డే పరిపించాను. దాని మీద దిమ్మ, దిమ్మ మీద బొచ్చె, దిమ్మని నిమురుతూ ఐసు గారు. ఓనరు గారు కెమెరా పట్టుకున్నారు. నేను ‘‘కొంచెం నవ్వండి బాబాయి గారూ’’ అంటూ మహా దర్శకురాలిలా నడుం మీద చేయి వేసుకుని నిలబడ్డాను.

గురువారం ఓనరు గారినీ ఐసు గారినీ కూర్చోబెట్టి యాడ్ వేశాను. ముందుగా చూసుకోలేదా అని మీరు అడగొచ్చు. ఆ కంప్యూటరు అరనిమిషం వీడియో తయారుచేయడానికి పూటంతా గుర్రుమని మూలిగేది. అది ముగించేసరికి వీళ్ళు గుమ్మంలో ఉన్నారు. తెరమీద తళతళలాడే మంచుకొండలు వచ్చాయి. ఐసు గారు వచ్చారు. పొంగిపోయాను. ఆ తర్వాత చూస్తే బొచ్చె చేప గాలిలో పడుకుని ఉంది. దానికింద చిన్న తెల్లటి మబ్బుతునక. (దిమ్మ నడిమధ్యన తెల్లగా పొగలా ఉంటుందే, అది.) ఐసు గారు చిరునవ్వుతో వట్టి గాలిని ప్రేమగా నిమురుతున్నారు.

ఐసు గారు తెర దగ్గరికి వంగి చూసి, మెల్లగా అడిగారు. ‘‘అమ్మాయ్, అన్నీ బాగున్నాయి. నా ఐసు ఏదమ్మా?’’

‘‘కరిగిపోయి ఉంటుందండీ’’ అన్నాను.

ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఓనరు గారు తిన్నగా ఫోను దగ్గరికి నడిచారు. విజయవాడకే అని నాకు తెలుసు. ‘‘ఏవండీ, శనివారం దాకా ఆగండి, మళ్ళీ తీసి చూపిస్తాను’’ అని అడ్డం నిలబడి బతిమాలాను. ఐసు గారు మంచాయన. ‘‘పోనీండి, పిల్ల అడుగుతోంది కదా’’ అన్నారు. ఓనరు గారు మర్నాడు తాడేపల్లిగూడెం పెళ్ళికి వెళ్ళాలి. పెద్ద కెమెరా ఆయనతో వెళ్ళింది, చిన్న కెమెరా నాకిచ్చారు.

తప్పేమిటో అప్పటికి తెలిసింది. ఐసు అద్దంలాంటిది, దానిలోంచి వెనకున్న గుడ్డే కనిపిస్తుంది, కంప్యూటరు దాన్ని గుడ్డనుకుని తినేసింది. కాస్త తక్కువ తినమని మీటలు తగ్గించి చూశాను. దిమ్మ తిరిగొచ్చింది గానీ, బడి దగ్గర అమ్మే పుల్ల ఐసులా పచ్చగా వచ్చింది. ఉంటే పచ్చగా ఉండడం, లేకపోతే అసలే లేకపోవడం. శుక్రవారం పొద్దున్న అమ్మ నా నెత్తిమీద చేయిపెట్టి పెద్ద ప్రార్థనే చేసి పంపింది. గుడ్డ చంకన పెట్టుకుని కైకలూరు బస్సెక్కాను. అక్కడేం చేయాలో మాత్రం బస్సు దిగాక కూడా నాకు తెలియదు.

ఫ్యాక్టరీలో ఐసు గారి భార్య టీ ఇచ్చి, ‘‘ఎందుకమ్మా అలా ఉన్నావు?’’ అంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొత్తం చెప్పాను. ఆవిడ విని, ఎర్రగాజుల చేత్తో ఐసు పొడికొట్టే మిషను వైపు చూపించారు. ‘‘దిమ్మ నీళ్ళలాంటిదమ్మా, వెనకాల ఏముంటే అదే కనబడుద్ది. పొడైతే దాని వెనకున్నదేదీ కనబడదు. పైన పెద్ద చేపలు పేర్చి, పొడి కింద చిన్న చేపలు దాచేసే వాళ్ళని ఎంతమందిని చూళ్ళేదూ! చేయి పెట్టి చూస్తేగానీ తెలవదు.’’

నాకు ఆవిడ కాళ్ళు మొక్కాలనిపించింది. ఐసు గారికి మాత్రం మనసొప్పలేదు. ‘‘దిమ్మంటే మన గౌరవమే. పొడేంటి?’’ అన్నారు.

‘‘ఏవండీ, లారీలో చేపలమీద వేసేది పొడే కదండీ. మీ గౌరవాన్ని ఎవరు చూశారు?’’ అన్నారావిడ. అంతే, మిషను తిరిగింది.

గుడ్డ ముందు పొడి గుట్టగా పోశాం. తెల్లగా, దట్టంగా, దూది కొండలా ఉంది. గుట్టమీద బొచ్చె, పక్కన ఐసు గారు. తీస్తుండగా చేప మెల్లగా జారడం మొదలుపెట్టింది. వెంటనే పక్కనుంచి ఎర్రగాజుల చేయి ఒకటి వచ్చి, చేపని పైకి నెట్టి, గుట్టని ఒకసారి సవరించి వెళ్ళిపోయింది.

శనివారం ఓనరు గారికి చూపించాను. ఆ పొడిగుట్ట పోయి పోయి వెనక మంచుకొండల్లో కలిసిపోయింది. ఎక్కడ కైకలూరు ఐసు ఆగిందో, ఎక్కడ హిమాలయం మొదలైందో తెలియడం లేదు. ఓనరు గారు రెండుసార్లు వేయించుకుని చూశారు. ‘‘పొడి వాడాలని నీకెలా తట్టిందమ్మా?’’ అన్నారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కుర్చీ ఎదురుగానే ఉంది. ‘‘అలా తట్టిందండీ’’ అన్నాను. ‘‘ఆ చేయి ఒక్కటి తీసెయ్’’ అన్నారు. ఆ ముక్క కత్తిరించడం రెండు నిమిషాల పని. ‘‘అది తీయడం కుదరదండీ’’ అన్నాను. ఆవిడ పేరు చెప్పే ధైర్యం లేకపోయినా, ఆ చేయి కోసేంత కృతఘ్నత కూడా లేకపోయింది. ఆదివారం సాయంత్రం ఏలూరంతా ఐసు గారిని చూసింది, ఆ గాజుల చేతిని కూడా చూసింది. సోమవారం నేను చక్రాల కుర్చీలో అందరి ఎదుటా కూర్చుని ఒక చుట్టు తిరిగాను.

మొన్న మా అక్క కూతురు తన ఫోనులో ఫోటో తీసి, వేలితో ఒక్కసారి నొక్కి వెనకున్న గోడంతా ఎగరగొట్టింది. ‘‘దీనికా పిన్నీ మీరంతా రోజులకి రోజులు కష్టపడింది?’’ అని జాలిపడింది. నేను గాజుగ్లాసులో నాలుగు ఐసు ముక్కలు వేసి దాని చేతికిచ్చి, ‘‘ఇప్పుడు తియ్యి’’ అన్నాను. నొక్కింది. గోడతోపాటు గ్లాసూ పోయింది. వేళ్ళు మాత్రం గాలిని పట్టుకుని ఉన్నాయి.

‘‘గ్లాసేదీ పిన్నీ?’’

‘‘కరిగిపోయి ఉంటుందే’’ అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటకి సరైన చోటు దొరికినందుకు ఎంత హాయిగా నవ్వుకున్నానో! తర్వాత ఆ ముక్కల్నే గుడ్డలో చుట్టి రోకలితో పొడికొట్టి దాని అరచేతిలో పోశాను. ఈసారి తెల్లటి గుట్ట చెక్కుచెదరకుండా వచ్చింది. పిల్ల కళ్ళు పెద్దవి చేసి, ‘‘ఇది నీకెలా తట్టింది పిన్నీ?’’ అంది. అచ్చం ఆ రోజు ఓనరు గారు అడిగినట్టే. ఇప్పుడిక్కడ కుర్చీ లేదు, భయమూ లేదు.

‘‘నాకు తట్టలేదే. కైకలూరులో ఎర్రగాజులు వేసుకున్న ఒక పిన్ని గారికి తట్టింది’’ అన్నాను.