మామిడి మొద్దు మీద పుట్టగొడుగులు

వానలు పట్టుకున్నాక మా ప్రహరీ పక్కన పడి ఉన్న మామిడి మొద్దు మీద నారింజ రంగు పుట్టగొడుగులు లేచాయి, చిన్న విసనకర్రల్లా, ఒకదాని మీద ఒకటి. అలాంటివి నేనెన్నడూ చూడలేదు. ఈ ఉదయం ఫోన్‌లో మూడు ఫోటోలు తీసి పేరడిగితే మూడు పేర్లు చెప్పింది. బడిలో ఇలా రాసినవాళ్లకు నేను సున్నా వేసేదాన్ని.

అంతలో కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి యాదమ్మ వాటిని తెంపి కొంగులో వేసుకోసాగింది.

"ఏందో ఎరుక లేకుండ తింటరా? పెట్టు గాడ" అన్నాను.

"ఏం గాదు పెద్దమ్మా. ఉల్లిగడ్డ ఏసి ఉడకబెడ్త. అది నల్లగైతెనే విషం. ఈ కూరంటే మా పిల్లలు పానమిస్తరు."

"ఉల్లిగడ్డను నమ్మి పిల్లలకు పెడ్తవా?"

"మా అవ్వ గట్లనే జేసేది."

ఇక చెప్పక తప్పలేదు.

"ఎండకాలం మీ పెద్దబాపు పోయినప్పుడు కాష్టానికి కొట్టించిన చెట్టు గది. మిగిలిన మొద్దు."

యాదమ్మ కొంగు దులిపేసి, నల్లా దగ్గర చేతులు కడుక్కొని, కరివేపాకు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. కాష్టం కట్టె మా పొయ్యిలోకి రాదు, అందుకే అది అక్కడ ఉండిపోయింది. విషమంటే వినని మనిషి దానికి విన్నది.

మా ఆయన పోయిన సంగతి ఇలా నోటితో అనడం నాకిదే మొదలు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. వెళ్లి పప్పు పొయ్యి మీద పెట్టాను.

ఫోటో కింద ఉంది. తెలిసినవాళ్లు సరైన పేరు ఒక్కటే రాయండి. వండుకోవడానికి కాదు. పొద్దున తలుపు తీయగానే నాకిప్పుడు ముందు కనిపించేవి అవే.