కుర్చీ దిగకుండా కొలిచిన ట్యాంకు

చింతామణి దగ్గర ఒక ఊళ్లో నీళ్ల ట్యాంకు కుంగుతోందేమో చూడమని నన్ను పంపారు. అంతకుముందు కొలిచిన ఇంజనీరు పుస్తకంలో ఏడాదంతా ఒకే రీడింగు, మిల్లీమీటరులో పదో వంతు కూడా తేడా లేదు. ఎత్తు కొలిచే లెవెల్ మిషన్ ఎంత మంచిదైనా ఎండకైనా అంకె కాస్త మారుతుంది. ఇతను కుర్చీ దిగకుండానే కొలిచాడు.

అడిగితే నవ్వాడు. "ట్యాంకు యాడికి పోతాదప్పా? ఆడే ఉండాది కదా."

నేను ఎత్తు ముందే తెలిసిన గుర్తు రాయి దగ్గర మొదలుపెట్టి రెండు రోజులు కొలిచి, మళ్లీ ఆ రాయి దగ్గరికే తిరిగొచ్చి లెక్క సరిచూసుకున్నాను. ట్యాంకును మోసే స్తంభాల్లో ఒకటి పదకొండు మిల్లీమీటర్లు కుంగింది. కాగితం చూపిస్తే, "ఏలు మందమే కదప్పా" అన్నాడు గోళ్లు గిల్లుకుంటూ. ఆ ట్యాంకు నీడలోనే అంగన్‌వాడీ పిల్లలు అన్నం తింటారు. అలాంటివాడితో వాదించడం దండగనిపించింది. పైఅధికారులకు రాసి ట్యాంకు ఖాళీ చేయించాను. ఆ రోజు కూడా అతను అక్కడికి రాలేదు.