గాడి మీది స్టిక్కరు

ఫ్లాపీ అంచున గాడి మీద అంటించిన చిన్న వెండిరంగు స్టిక్కరును ఆ రోజు నేనే గోటితో లేపేశాను. ఆ గాడి మూసి ఉంటే కంప్యూటరు ఫ్లాపీలోది చదువుతుంది గాని, దాని మీద ఏమీ రాయలేదు. అది తెలిసే లేపాను.

ఎనభైల చివరి సంగతి. వరంగల్‌లో, బావిలో నీళ్లు అడుగంటితే మోటారును ఆపేసే కంట్రోల్ డబ్బాలు చేసే చిన్న షెడ్డులో నేను పనిచేసేవాణ్ణి. వాటి సర్క్యూట్ బొమ్మలు గీసింది మా డ్రాఫ్ట్స్‌మన్. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. చేత్తో గీసి గీసి, యాభై దాటాక కంప్యూటరు నేర్చుకున్నాడు. అప్పటికే కళ్లకు మసక. తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని గీసేవాడు. కాగితాల మీది పాత బొమ్మలకు ఆయన చేసిన మార్పులన్నీ ఆ ఒక్క ఫ్లాపీలోనే ఉన్నాయి.

షెడ్డు యజమాని సేటు కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. చెప్పులు కంప్యూటరు గది బయట విడిచి, పాత ఫైలును అందులో తెరవబోయాను. కొత్త పద్ధతిలోకి మార్చి అదే ఫ్లాపీ మీద రాయాలని తెర మీద వచ్చింది. ఖాళీ ఫ్లాపీలున్న అల్మారా తాళం సేటు దగ్గరుంది. ఆయన వచ్చేదాకా ఆగే ఓపిక లేక స్టిక్కరు లేపి, సరేనని మీట నొక్కాను.

బొమ్మ తెరుచుకుంది. గీతలున్నాయి. కాని గీతకు గీత కలిసేచోట ఉండాల్సిన చుక్క ఒక్కటీ లేదు. ఏ తీగ దేనితో కలుస్తుందో, ఏది ఊరికే దాటిపోతుందో చెప్పేవి ఆ చుక్కలే. పాత సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును ఇక తెరవనే లేదు.

మధ్యాహ్నం వర్ధన్నపేట దిక్కు నుంచి ఒక రైతు కాలిన డబ్బా పట్టుకొచ్చాడు. "జర జల్ది చూడుండ్రి సారూ, మడి ఎండుతాంది."

సేటు బొమ్మ అడిగాడు. "ఫ్లాపీ ఖరాబైంది సేటూ" అన్నాను. ఎట్లా ఖరాబైందో చెప్పలేదు.

అందరి ముందూ సేటు అన్న వైపు తిరిగాడు. "కండ్లు కనవడనోనికి కంప్యూటరిస్తే గిట్లనే అయితది. రేపటి సంది ఇంటికాడనే ఉండు."

అన్న ఫ్లాపీ అందుకుని అంచు తడిమాడు. వేలు గాడి దగ్గర ఆగింది. బయట చెప్పులు వేసుకుంటూ మెల్లగా అడిగాడు.

"తమ్మీ, స్టిక్కరేమైంది?"

"ఊడిందేమో అన్నా."

"నేనంటిచ్చింది ఊడదు."

అంతే అన్నాడు. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఆయన పోతున్నది నా మాట వల్లనని తెలిసీ వెనక్కి పిలవలేదు. పిలిస్తే నా పని పోతుందని భయం. ఆ భయాన్ని ఇప్పటికీ క్షమించుకోలేను.

మర్నాడు పొద్దున, నిన్న ఉన్నవాళ్లందరూ ఉండగానే, సేటుకు జరిగింది చెప్పాను.

"నిన్న నోట్లె ఏం వెట్టుకున్నవ్?" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. అన్నను మళ్లీ పిలవమన్నాడు గాని, తాను తిట్టిన మాటలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కాలిన డబ్బా పట్టుకుని అన్న ఇంటికి పోయాను. గడపలోనే తప్పు ఒప్పుకున్నాను. ఆయన నా మొహం వైపు చూడలేదు. "ఆ రైతు మడి ఎండుతాందన్నడు గద. ముందుగాల అది చూడు" అన్నాడు.

ఆయన జ్ఞాపకం మీద చెబుతుంటే, నేను మల్టీమీటరుతో ఒక్కొక్క తీగనూ వెతికి కాగితం మీద గీశాను. సాయంత్రానికి డబ్బా బాగై రైతు చేతికి పోయింది. బొమ్మకు మాత్రం మూడు రోజులు పట్టింది. చివర్న సరిచూడమని ఇస్తే, కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చి, దూరం జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చాడు.

"గీతలు కనవడ్తున్నయి తమ్మీ. చుక్కలు కనవడ్తలేవు."

బజారుకు పోయి జిగురు సీసా తెచ్చాను. గీతలు కలిసిన ప్రతిచోటా ఒక బొట్టు పెట్టి ఆరనిచ్చాను. ఆయన వేలితో ఒక్కొక్క బొట్టూ తడుముకుంటూ పోయి, ఒకచోట ఆగాడు.

"ఈడ ఒకటి తక్కువున్నది."

నిజమే. అక్కడ ఇంకొక బొట్టు పెట్టాను.