టాపు మీద మూడో దెబ్బ

నా కుట్టుమిషను మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. మాకు అన్నం పెట్టేది అదే. దాని మీద అబద్ధమాడే ధైర్యం నాకు లేదు. ఇది జరిగింది... నా కళ్ల ముందే జరిగింది.

నవ్వితే నవ్వండి. మధ్యలో లేచి మాత్రం వెళ్లకండి. మా ఆయన ప్రభాకర్ ఇదిగో ఇక్కడ మీ మధ్య కూర్చుని పల్లీలు నములుతున్నాడంటే, దానికి కారణం ఒక చప్పుడు. ఒకే ఒక్క చప్పుడు. అది ఎవరు చేశారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియకపోయినా పొద్దున లేవగానే దానికో దండం పెట్టుకుంటాను.

మా షెడ్డు మీకు తెలిసిందే. పటాన్‌చెరులో, గోదాముల వెనక. మా ఆయన ముందు ఫ్యాక్టరీలో ఫైబర్ పని చేసేవాడు. నేను లారీలకు టార్పాలిన్లు కుట్టేదాన్ని. మా ఇద్దరి పనీ కలిసే చోటు ఒకటే దొరికింది... క్యాంపర్ వ్యాను టాపు. బండిలోనే పొయ్యి, పడక అన్నీ ఉంటాయి చూడండి, అలాంటిది. రాత్రి పడుకునేటప్పుడు పైకప్పు పెట్టె మూతలా ఒకవైపు లేస్తుంది. లేచిన చోట చుట్టూ కాన్వాస్ గుడ్డ గోడ. పైన ఇంకో పడక. భలే సరదాగా ఉంటుంది, వాన పడనంతవరకు. వాన పడిందా... యజమాని మా షెడ్డు ముందు ఉంటాడు.

నీళ్లు దూరే చోటు వేరు, కారే చోటు వేరు. ఒకరి పెరట్లో దూకిన దొంగ ఇంకొకరి గుమ్మంలోంచి బయటికొచ్చినట్టు. అందుకే మాకొక పద్ధతి ఉంది. టాపు మూసేసి, తలుపులూ అద్దాలూ బిగించి, ఒకరు టార్చితో లోపల పైపడక మీద పడుకుంటారు. ఇంకొకరు బయట నిచ్చెనెక్కి పైపుతో నీళ్లు పడతారు. కింది అంచున మొదలుపెట్టి మెల్లగా పైకి. లోపల చుక్క కనబడితే ఆ మనిషి అక్కడే కొయ్యసుత్తితో టాపును మూడుసార్లు కొట్టాలి. టక్ టక్ టక్. బయటి మనిషి జవాబుగా ఒకటి కొట్టాలి. విన్నాను, నీళ్లు ఆపాను అని దానర్థం. మోటరు హోరులో అరుపులు వినబడవు కాబట్టి మాకు ఇదే భాష.

మూడే ఎందుకంటారా... అది మా అత్తమ్మ పెట్టిన భిక్ష. రాత్రి పూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకొద్దనేది ఆవిడ. మనిషి కానిది మూడోసారి పిలవలేదట. మేము చర్చికి వెళ్లే వాళ్లం. ఆదివారం పాస్టరుగారు ఇవన్నీ మూఢనమ్మకాలంటే అవునని తలూపుతాం. ఇంటికొచ్చాక చీకట్లో ఎవరైనా పిలిస్తే మాత్రం ఎన్నో పిలుపో లెక్కపెడుతూ వేళ్లు మడుస్తాం. టాపు విషయంలో ఆ లెక్క బాగా పనికొచ్చింది. ఎండకు కాగిన ఫైబర్ మీద చన్నీళ్లు పడితే దానంతట అదే ఒకటో రెండో చప్పుళ్లు చేస్తుంది. అందుకని మా ఆయన ఒక మాట కట్టాడు. "ఒకటి టాపుది, రెండు టాపుయి, మూడోది మనిషిది."

ఇగో, ఇప్పుడు నవ్వుతున్నాడు చూడండి. ఆ మాటే ఆ రాత్రి అతని మీదికొచ్చింది.

వేసవి చివర. వెలిమెల కొత్త ఇళ్ల నుంచి ఒక సార్ బండి వచ్చింది. అంతకుముందు కూడా వచ్చిందే. ఎన్నిసార్లు అంచులకు సీలెంటు పూసినా, పైపడక మీద అదే మూల తడుస్తోంది. తెల్లారితే సార్ పిల్లలతో ప్రయాణం. మా ఆయనకు రోషం వచ్చింది. చీకటి పడ్డాక కూడా వదల్లేదు. బండి లోపల కూర్చుని, పాత సీలెంటు జిగురంతా థిన్నర్ గుడ్డతో తుడిచేశాడు.

"తెల్లారి సూడొచ్చు గదా. ఇగ పా, తిందాం," అన్నాను.

"సార్ పిల్లలకు మాటిచ్చిండు. నేను సార్‌కు మాటిచ్చిన. గీ ఒక్కసారి నీళ్లు పట్టు."

"మాటలిచ్చేది మీరు, నిచ్చెనెక్కేది నేను."

తలుపు దగ్గరికి వెళ్లేసరికి ఘాటు వాసన ముక్కుకు తగిలింది. "ఏందయ్యా గీ వాసన," అని అడిగాను.

"కాజీపల్లి గాలి. గాలి తిరిగినట్టుంది... వాన వస్తది. జల్దీ కానియ్," అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. ఇక్కడుండే వాళ్లకు ముక్కే వాతావరణ కేంద్రం. అటువైపు మందుల ఫ్యాక్టరీల వాసన వచ్చిందంటే బయట ఆరేసిన బట్టలు తీసుకుంటాం. ఆ వాసన బండి బయటి నుంచి వస్తోందా, లోపలి నుంచి వస్తోందా అని ఇద్దరం ఆలోచించలేదు. తడుస్తుందని ఫోను నా మిషను మీద పెట్టి లోపలికి వెళ్లాడు. తలుపు లాక్కున్నాడు. థిన్నర్ డబ్బా, ఆ గుడ్డ... లోపలే ఉన్నాయి.

నేను మోటరు వేసి నిచ్చెనెక్కాను. కింది అంచు. మెల్లగా. నీళ్లు జారి కాలువలా పోతున్నాయి.

టక్.

టాపుది, అనుకున్నాను. పగలంతా ఎండలో నిలబడ్డ బండి మరి.

ఇంకొంచెం పైకి జరిపాను. కాసేపటికి...

టక్... టక్.

మెత్తగా వినబడింది. మూడోదాని కోసం ఆగాను. రాలేదు. "ఏందయ్యా, చెయ్యి నొస్తుందా," అన్నాను నవ్వుతూ. నా మాట నాకే వినబడలేదు, మోటరు అంత హోరు పెడుతోంది. ఒకటి టాపుది, రెండు టాపుయి. నీళ్లు పడుతూనే ఉన్నాను.

అప్పుడు కరెంటు పోయింది.

మోటరు ఒక మూలుగు మూలిగి ఆగింది. షెడ్డు లైటు, గోదాము లైట్లు, అన్నీ పోయాయి. పైపు కొస నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా... అవీ ఆగాయి. హైవే మీద లారీల రొద దూరంగా. గాలి లేదు. ఆ వాసన మాత్రం ఉంది.

ఎవరో నా పేరు పెట్టి పిలిచారని చెబితే మీకు బాగుంటుంది. కానీ అబద్ధం. ఎవరూ పిలవలేదు. ఏమీ లేదు. అంత నిశ్శబ్దం మా వాడలో నేనెప్పుడూ వినలేదు. కరెంటు ఇప్పుడే వస్తుందిలే అని నిచ్చెన మీదే నిలబడ్డాను. ఒక చెయ్యి నిచ్చెన మీద. ఒక చేతిలో పైపు. నా కళ్లు సరిగ్గా టాపు ఎత్తులో ఉన్నాయి. దారిన పోయే లారీల వెలుతురు తడి టాపు మీద పడి, జారి, పోతోంది. మళ్లీ చీకటి. మళ్లీ వెలుతురు. టాపు మీద ఆకు కూడా లేదు.

ధబ్.

టక్ కాదు... ధబ్. అరచేత్తో డప్పు మీద ఒక్కటి వేసినట్టు. టాపు నడిమధ్యన. లోపలి నుంచి కాదు... పైనుంచి. దాని మీద నిలిచిన నీళ్లు చిట్లి నా మొహం మీద పడ్డాయి. చల్లగా. పెదవి మీద పడ్డ చుక్క కిందికి జారడం కూడా నాకు గుర్తుంది. ఆ క్షణాన ఒక లారీ వెలుతురు వచ్చింది. టాపంతా కనబడింది. ఎవరూ లేరు.

ఇంకెవరైనా అయితే పారిపోయేవారేమో. కానీ నా బుర్రలో ఒకటే మాట తిరిగింది. మూడోది మనిషిది. మూడోది... మనిషిది. పద్ధతి ప్రకారం నేను జవాబుగా ఒకటి కొట్టాలి. కొట్టలేదు. పైపు వదిలేసి దిగాను. దిగానో పడ్డానో.

తలుపు లాగాను. వాసన నన్ను వెనక్కి తోసినంత పని చేసింది. అది కాజీపల్లి గాలి కాదు. టార్చి నేల మీద వెలుగుతోంది. దాని పక్కన మా ఆయన. పైపడక మీద కాదు, కింద. బోర్లా. సుత్తి అతని ఛాతీ కింద ఉంది. పిలిస్తే పలకలేదు.

చంకల కింద చేతులేసి లాగాను. పక్క గోదాముకు కాపలా కాసే మిశ్రా... బిహార్ అతను, నన్ను భాభీ అంటాడు... నా అరుపుకు పరుగెత్తుకొచ్చి కాళ్లు పట్టాడు. ఇద్దరం ఆరుబయట మట్టిలో పడుకోబెట్టాం. నేను ఏ దేవుణ్ణి పిలిచానో, ఏం మొక్కానో గుర్తులేదు. అప్పుడే వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు అతని మొహం మీద పడ్డాయి. దగ్గాడు. మళ్లీ దగ్గాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి దగ్గుకు విసుక్కున్నదాన్ని... ఆ దగ్గు విని ఏడ్చాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మమ్మల్ని తిట్టింది. మూసిన పెట్టెలో థిన్నర్‌తో పని ఎవరైనా చేస్తారా అంది. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదంది. తిట్టనీ. ఆ తల్లి ఇంకా ఎన్ని తిట్టినా వింటాను. పొద్దున్నే వెలిమెల సార్ ఫ్లాస్కులో చాయ్ పట్టుకుని వచ్చాడు. బండి సంగతి నేను ఎత్తబోతే ఆపాడు. "ప్రయాణం యాడికి పోతదమ్మా. అన్న లేస్తే చాలు," అన్నాడు. ఆ మాట నేను మరిచిపోను.

ఇద్దరమే ఉన్నప్పుడు మెల్లగా అడిగాను.

"మూడోది ఎట్ల కొట్టినవయ్యా, కింద పడ్డంక?"

"ఏ మూడోది?" అన్నాడు. "నేను రెండే కొట్టిన. సుక్క కనబడి గాదు. తల తిరుగుతుంటే తలుపు తియ్యమని కొట్టిన. మూడోది కొట్టనీకి చెయ్యి లేవలే. నువ్వు రావని ఎరుకే... మనం పెట్టుకున్న లెక్కనే గదా. గంతే, గా తర్వాత నాకు యాది లేదు."

నా ఒళ్లు అప్పుడు చల్లబడింది. నిచ్చెన మీద కాదు... అప్పుడు.

మిశ్రాను అడిగాను, నువ్వేమైనా రాయి విసిరావా అని. "మై తో గేట్ పే థా భాభీ," అన్నాడు. గేటు దగ్గరే ఉన్నాడట. కానీ చప్పుడు అతనూ విన్నాడట. హైవే మీద లారీ టైరు పేలిందనుకున్నాడట. అయి ఉండొచ్చు. టైరు పేలితే టాపు అదురుతుంది, నీళ్లూ చిట్లుతాయేమో. మా ఆయనేమో టాపు చల్లబడి చేసిందంటాడు. అదీ కావచ్చు. నేను కాదనను.

ఒక్కటి మాత్రం వినండి. అతను లేచి తిరిగాక ఆ బండి టాపును మళ్లీ చూశాం. ఈసారి తలుపులన్నీ బార్లా తెరిచి. నేను అంచుల జోలికి పోలేదు. చప్పుడైన చోటికే... నడిమధ్యకి పైపు పట్టాను. అక్కడొక పూల బొమ్మ స్టిక్కరు ఉంది, అందానికి అంటించింది. దాని కింద, లోపలివైపు నీళ్లు ఊరాయి. స్టిక్కరు పీకితే, ఎప్పుడో ఏదో లైటు బిగించి తీసేసిన మేకు రంధ్రం. నీళ్లు అక్కడ దూరి, లోపలి పొర వెంబడి పాకి, మూలన కారుతున్నాయి. ఇన్నాళ్లూ మేము అంచులే పట్టుకుని వేలాడాం. అది పూడ్చాక ఆ బండి మళ్లీ కారలేదు. మా భాషలో మూడో దెబ్బకు అర్థం అదే కదా... ఇక్కడ చూడు అని.

చర్చిలో సాక్ష్యం చెప్పాను. దేవుడి దూత అన్నారు పాస్టరుగారు. చాయ్ హోటలు లక్ష్మమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారే కొట్టిందని కుంకుమ పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. వద్దనలేదు. నా సూదుల డబ్బాలో ఉంది. చనిపోయిన మా అత్తమ్మ అయ్యుంటుందని కూడా ఒకసారి అనిపించింది... మూడు లెక్క పెట్టింది ఆవిడే కాబట్టి, సరిచేయడానికి వచ్చిందేమో. నాకు తెలియదు. నిజంగా తెలియదు.

ఇప్పుడు మా షెడ్డులో ఆ లెక్క లేదు. టక్ అంటే చాలు, తలుపు తీస్తాను. టాపు చేసిన చప్పుడుకి కూడా తీస్తాను. మా ఆయన లోపల నుంచి నవ్వుతాడు. నవ్వనీ, లోపల ఉండి నవ్వుతున్నాడు కదా.

ఇంకొక్కటి. ఆ రాత్రి నేను జవాబు కొట్టలేదని చెప్పాను కదా. అది నన్ను వదల్లేదు. అందుకని రోజూ షెడ్డు మూసేముందు, లోపల ఏ బండి ఉంటే దాని టాపు మీద అరచేత్తో ఒకటి కొడతాను. విన్నాను అని. తలుపు తీశాను, మనిషి దక్కాడు అని. కొట్టి, లైటార్పి, కాసేపు చీకట్లో నిలబడతాను... తిరిగి ఏమైనా వినబడుతుందేమోనని.

ఇంతవరకు వినబడలేదు. వినబడకూడదనే నిలబడతానో, వినబడాలనో... అది కూడా నాకు తెలియదు.